వీపుకు ఆనిన వీపు

దయ్యం పట్టిందని ఎవరన్నా ఏడిస్తే, ముందు డాక్టరుకు చూపించమని తిట్టేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. ముసలితనంలో అక్షరాలు నేర్చుకుంది అబద్ధాలు రాయడానికి కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పటాన్‌చెరు దగ్గర రాతిపొడి మిల్లులో ఏళ్ల తరబడి సంచులు నింపాను. ఊపిరితిత్తులు పాడయ్యాయి. పీల్చే మందులు వాడినా, కొల్లూరు కాలనీలో ఒక బ్లాకులో ఉన్న మా ఇంట్లో మంచం దిగి బాత్రూముకు పోయేసరికి ఊపిరాడక నీళ్లలో ముంచినట్టయ్యేది. జబ్బు నయం కాదుగానీ ఆయాసం తగ్గుతుందని డాక్టరు కొద్ది మోతాదులో మార్ఫిన్ మాత్రలు రాశారు.

కొడుకు జంకాడు.

"అమ్మా, అది సచ్చేటోళ్లకిచ్చే మందట."

"నేను రోజూ సస్తనే ఉన్న గదరా. జెర ఊపిరి తీస్కొని సస్త, తే."

ఆ మధ్యాహ్నం మొదటి మాత్ర వేసుకుని మంచం మధ్యలో కూర్చున్నాను. పడుకుంటే ఊపిరాడదు. కాసేపటికి ఛాతీ మీది బరువు దిగింది.

అప్పుడు నా వీపుకు మరో వీపు ఆనింది. వెచ్చగా, ఎముకలు తగిలేలా.

తిరగకుండానే సత్తెమ్మ అని తెలిసింది. మిల్లులో నా జోడీ. గోడల నిండా పొడి ఉండేది కాబట్టి, ఆయాసమొస్తే ఇద్దరం వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్లం. ఈ మందు సంగతి అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. సత్తెమ్మ ఊపిరి కోసం కొట్టుకుని నా కళ్లముందే పోయింది. ఇప్పుడు ఆమె ఊపిరి నిదానంగా ఆడుతోంది. నన్ను తీసుకుపోవడానికే వచ్చిందనుకున్నాను. కదల్లేదు.

కోడలు వంటింట్లోంచి రెండు కప్పుల ఛాయ్ తెచ్చి గుమ్మంలో ఆగింది. ఈమె మా ఇంటికి వచ్చేనాటికే సత్తెమ్మ లేదు. ఫొటోలో కూడా చూడలేదు.

"అత్తమ్మా, ఏ బ్లాకామెనో గానీ, మూతికున్న గుడ్డ ఇప్పమను. ఛాయ్ ఎట్ల తాగుతది?"

మిల్లులో మేమందరం పొడికి అట్లాగే మూతికి గుడ్డ కట్టుకునేవాళ్లం.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. నా వీపు మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. కోడలు కప్పులు కింద పెట్టి గోడ పట్టుకుంది.

మర్నాడు కొడుకు భయపడి మాత్రలు దాచాడు. ఆయాసం మళ్లీ పట్టుకుంది. నా అవస్థ చూడలేక సాయంత్రానికి వాడే తెచ్చిచ్చాడు.

డాక్టరుకు చెప్పాను. ఈ మందుతో కొందరికి లేనివి కనిపిస్తాయని మోతాదు తగ్గించారు. ఇప్పుడు కూర్చుని ఇంత రాసే ఊపిరి ఉంది. సత్తెమ్మ మళ్లీ రాలేదు.

నా మట్టుకు డాక్టరు మాట ఒప్పుకుంటాను. కానీ మాత్ర వేసుకుంది నేను. కోడలు వేసుకోలేదు.