మూడో అంతస్తులో గుడ్డి కిటికీ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, ఇక్కడ మలేషియాలో, పినాంగ్ లైబ్రరీలో ఏళ్ల తరబడి కూర్చుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

పినాంగ్ నగరం జార్జ్ టౌన్‌లో సముద్రం వైపున్న ఓ పాత హోటల్లో నేను డోర్‌మన్‌ని. జార్జియన్ భవనం. అంటే జార్జ్ అనే పేరున్న ఇంగ్లీషు రాజుల కాలం నాటి పద్ధతి: సరిగ్గా మధ్యలో తలుపు, దానికి అటూ ఇటూ ఒకే కొలతతో కిటికీలు. లోపల మెట్లు అడ్డొచ్చి ఎక్కడైనా కిటికీ కుదరకపోతే, జోడు చెడకుండా గోడమీదే సున్నంతో కిటికీ ఆకారం దిద్దుతారు. మా హోటల్లో మూడో అంతస్తు కుడి చివరిది అలాంటిదే. మూసిన రెక్కలతో సహా అంతా గారపనే. దానికి ‘గుడ్డి కిటికీ’ అని పేరు పెట్టింది నేనే.

మా అమ్మ చెల్లెలు పైడమ్మ పిన్ని అక్కడే గదులు శుభ్రం చేసేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. హోటల్ వెనక సిబ్బంది గదే ఆమె ఇల్లు. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ కిటికీలో ఎవరో ఆడమనిషి నిలబడి తనను చేత్తో పిలిచిందని పిన్ని చెప్పింది.

“అది గుడ్డి కిటికీ పిన్నీ,” అన్నాను.

“అవున్రా, గుడ్డిగానే ఉన్నాది. లోన సిన్న దీపం ఒక్కటే ఎలుగుతున్నాది.”

గుడ్డి దీపం అంటాం కదా, ఆ అర్థంలో తీసుకుంది. నేను పగలబడి నవ్వాను. తెలుగు రానివాళ్లకు మలయ్‌లో చెప్పి మరీ నవ్వించాను. అప్పటి నుంచి ఆమె ‘పెలితా ఆంటీ’, అంటే దీపం ఆంటీ అయిపోయింది.

పిన్ని మాట మార్చలేదు. చివరికి సూపర్‌వైజర్ నన్ను పిలిచింది. తమిళామె, మా తెలుగు కొంచెం వచ్చు.

“మీ పిన్నికి మండై సరిలేదు లా,” అంటూ తన తలవైపు వేలు చూపించింది. “నువ్వు ఏటి అంటావు?”

నాకు తెలియదు అంటే సరిపోయేది. నేను ఆ కాలపు గోడల మందం గురించి చెప్పి, అక్కడ మనిషి నిలబడే చోటే లేదన్నాను. అంతటితో ఆగలేదు. పిన్నిని అందరి ముందూ మూడో అంతస్తుకు తీసుకెళ్లి, మెట్ల పక్క గోడకు చెవి ఆనించి వినమన్నాను.

“ఏటి పిన్నీ, టీకి రమ్మంటున్నాదా?”

పిన్ని చెవి తియ్యకుండానే ఏడ్చింది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు.

ఆ శుక్రవారమే ఆమెను పంపేశారు. పక్క రాష్ట్రం పెరాక్‌లోని ఓ వృద్ధుల ఆశ్రమం నుంచి పొద్దున పదకొండింటికి వ్యాన్ వచ్చింది. ఎండ కాస్తోంది. పిన్ని సంచి లోపల పెట్టి తల ఎత్తాను.

గుడ్డి కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. లోపల మసక వెలుగు. నెరిసిన జుట్టు ముడి వేసుకుంటూ ఒకామె. నేను కళ్లు నులుముకుని, ఎడమ నుంచి కిటికీలు లెక్కపెట్టాను. ఐదోది, కుడి చివరిది. అదే.

పిన్ని నా ముఖం చూసి పట్టేసింది.

“కనిపించినాది కదూ? ఆ సూపర్‌వైజరమ్మకి ఒక్క మాట సెప్పరా. నీ మాటైతే నమ్ముతాది.”

సూపర్‌వైజర్ నాలుగడుగుల దూరంలోనే ఉంది. సిబ్బంది అంతా గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నారు.

“అక్కడున్నది గోడే పిన్నీ,” అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను.

పిన్ని వ్యాన్ ఎక్కింది. వ్యాన్ కదిలాక చెయ్యి ఊపింది. నాకు కాదు, పైకి. నేను తిరిగి చూసేసరికి సున్నపు రెక్కలు మూసే ఉన్నాయి.

తర్వాత రంగులు వేయడానికి పరంజా కట్టినప్పుడు పైకెక్కి ఆ రెక్కల్ని తడిమి చూశాను. పగులు లేదు, సందు లేదు. లైబ్రరీలో ఆ భవనం గురించి దొరికిందల్లా చదివాను. అక్కడ గది ఉన్నట్టు ఎందులోనూ లేదు.

పిన్ని ఆ ఆశ్రమంలోనే ఉంది. వెళితే నాతో మాట్లాడదు. అతిథులు అడిగితే అది ఉత్త గోడేనని ఇప్పటికీ వివరిస్తున్నాను. ఆ రోజు నేను చూసిందేమిటో మాత్రం నాకు తెలియదు.