కదలని ట్రాన్స్‌ఫర్ కేసు

సూరత్‌లో దిగేసరికి ఉదయం ఆరు. వాన. ఖాడీ అనే వాగు పొంగి పవర్‌లూమ్ వాడలు మునిగాయి. మా సహాయక దళానికి మూతపడ్డ పెట్రోలు బంకే స్థావరం. నేను బండ్ల మెకానిక్‌ని. తుపాకీతో కన్నా పానాతో ఎక్కువ పోరాడిన సిపాయిని. ఊరి దగ్గరికి బదిలీ అడిగి ఏడాదైనా ఆఫీసులో నా ట్రాన్స్‌ఫర్ కేసు కదల్లేదు.

మూడో రోజుకి ఒక జీపు ఇంజన్లోకి నీళ్లు పోయి చచ్చింది. రెండోది మ్యాన్‌హోల్ అంచుకు గుద్దుకుని ట్రాన్స్‌ఫర్ కేసు పగిలింది. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే ఇనుప పెట్టె అది. అప్పుడే పడవలో ఒక మగ్గం కార్మికుణ్ణి తెచ్చారు. డయాలసిస్ తప్పింది, ఆయాసం. ఆస్పత్రి దారిలో నీళ్లు పడవకు తక్కువ, అంబులెన్సుకు ఎక్కువ.

సుబేదార్ సాబ్ ఆర్డరు: సాయంత్రంలోగా ఒక జీపు నడవాలి.

చచ్చినదాని పెట్టె విప్పి రెండోదానికి బిగించాలి. షాఫ్టులు విప్పాను. బరువెత్తడానికి జాకీ లేదు. "అమ్మో" అన్నాను.

"తెలుగోనివా తమ్మీ?" కార్మికుడి భార్య. సిరిసిల్లామె. ఇంట్లో కూలికి మెరుపు రాళ్లు అంటించే చీర ఒకటి మూటలోంచి తీసిచ్చింది. "దీంతోని కట్టు. సూరత్ మాల్, తెగది."

జీపు లోపల్నుంచి డ్రైవరు చీర పట్టి పెట్టెను పైకి లాగాడు. నేను కింద, బురదలో వెల్లకిలా. షాఫ్టు పళ్లు కలవవు.

రేడియోలో సుబేదార్: "తేరా ట్రాన్స్‌ఫర్ కేస్ హిలా క్యా?" కదిలిందా అని.

"కౌన్‌సా, సాబ్?" ఏది, ఆఫీసుదా, ఇనపదా?

డ్రైవరు నవ్వాడు. పట్టు జారింది. పతకం ఉండాల్సిన చోట, నా ఛాతీ మీద, పెట్టె పడింది.

ఆమె వంగి చూసింది. "మా ఆయినకు మూడేండ్లసంది కిడ్నీ దొరుకలే. నీ జీపుకు పూటలనే దొరికె."

కోపంగా అనలేదు. అందుకే తగిలింది. డ్రైవరు మళ్లీ లాగాడు. చివరి అంచును వేళ్లతో కొద్దికొద్దిగా తిప్పాను. టక్కున కూర్చుంది.

ఐదున్నరకు కదిలాం. ఆస్పత్రి గుమ్మంలో స్ట్రెచర్ మీద చెయ్యేసి నడుస్తూ, ఆమె వెనక్కి తిరిగి అరిచింది: "ఊపిరున్నది తమ్మీ!"

యూనిట్‌కు తిరిగొచ్చాక బండి కింద దూరి పెట్టె తుడిచాను. గ్రీజులో, ఆమె చీరకు అంటించిన రాయి ఒకటి మెరుస్తోంది. గీకబోయి ఆగాను.

నా కేసు కదలకుండానే రిటైరయ్యాను. ఇప్పటికీ ఏ బండి కింద పడుకున్నా, పైన ఆ రాయే.