చింతచెట్టు మీది పిలుపు

మల్లేశ్ పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి ఆయన భార్య సుమిత్రమ్మ బదనిక ముట్టలేదు. కోట్‌పల్లి చుట్టుపక్కల ఎవరి కాలు బెణికినా, ఎవరి చెయ్యి పట్టేసినా ఆమె వేసే బదనిక కట్టు కోసమే వచ్చేవారు. ఇప్పుడు ఎవరొచ్చినా మందు అయిపోయిందని గుమ్మంలోనే చెప్పి పంపేస్తోంది.

బదనికంటే చెట్టు మీద పుట్టే చెట్టు. కొమ్మలోకి వేరు దించి, దాని రసం తాగి పచ్చగా బతుకుతుంది. తోటవాళ్లకు అది పీడ, సుమిత్రమ్మకు మందు. కాకపోతే దానికో పద్ధతుంది. ఇనుము తగలకూడదు, చేత్తోనే తుంచాలి. నేల తాకితే ఇక పనికిరాదు. అందుకే ఒకరు చెట్టెక్కాలి, ఒకరు కింద గొంగడి పట్టాలి. పైనున్నవాళ్లు కిందివాళ్లను పేరు పెట్టి పిలిచి అడగాలి, జవాబు విన్నాకే వదలాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, చెట్టు పెడుతుందా?

ఇక మల్లేశ్ సంగతి. మహానుభావుడు, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనుకునే రకం. తను కాసే గొర్రెలతో మాట్లాడినంత కూడా పెళ్లాంతో మాట్లాడలేదు. ఇంట్లో "ఇగో", "ఓయ్" తప్ప పేరెత్తి ఎరగడు. బదనిక కోసం చింతచెట్టెక్కితే మాత్రం పద్ధతి తప్పదు కదా! "సుమిత్రా, పట్టినవా?" అనేవాడు. "పట్టిన, ఇడువు" అనేది ఆమె. నలభై ఏళ్ల కాపురంలో మొగుడి నోట తన పేరు విన్నది ఆ చెట్టు కిందే. ఆయన లేకుండా అక్కడికి పోవాలంటే ఆమెకు కాళ్లు రావు. మందు అయిపోవడం వంక మాత్రమే, అసలు సంగతి అది.

తాండూరు నుంచి ఖుర్షీద్‌బీ మూడోసారి వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. విరిగిన మణికట్టుకు ఆస్పత్రిలో వేసిన సిమెంటు పట్టీ విప్పారు గానీ వేళ్లు వంగడం లేదట.

"సుమిత్రక్కా, సూది పట్టకుంటే నేనెట్ల బత్కాలె?" అంది.

ఆ మాట కాదనలేకపోయింది సుమిత్రమ్మ. దండెం మీది గొంగడి తీసింది.

పక్కింటి యాదగిరికి పద్ధతంతా చెప్పి చెట్టెక్కించింది. నలభై దాటినవాడే అయినా, తల్లి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి వాడికి నోరు రాలేదు. గుత్తి చేతికి రాగానే పట్టినవా పెద్దమ్మా అని అడిగాడు. సుమిత్రమ్మ పలకలేదు. మళ్లీ అడిగాడు. ఊహూ. తుంచిన గుత్తి వాడి చేతిలోంచి జారిపోతోంది. కిందనున్న ఖుర్షీద్‌బీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"పేరు పెట్టి పిల్వు కొడుకా" అంది సుమిత్రమ్మ.

"సుమిత్రా, పట్టినవా?"

ఆకుల్లో మనిషి కనబడలేదు, మాట మాత్రం వినబడింది. సుమిత్రమ్మకు కళ్లు నిండాయి.

"పట్టిన, ఇడువు."

గుత్తి గొంగడిలో పడింది. ఒక చేతికట్టుకు అదే ఎక్కువ. అవసరానికి మించి ఒక్క ఆకు కూడా తుంచొద్దని ఇన్నేళ్లూ అందరికీ చెప్పింది ఆమే. యాదగిరి దిగబోతూ, ఇంకో చిన్న గుత్తి ఉంది, దాన్ని ఉండనియ్యనా అని అడిగాడు.

సుమిత్రమ్మ గొంగడి దించలేదు.

"అది గూడ తెంపు" అంది. "మళ్ల అడుగు కొడుకా. జర మెల్లగ అడుగు."