నల్లబడని టైరు

లైసెన్స్ రెన్యువల్ దగ్గరపడింది, వచ్చేవారం కంటి పరీక్షకు పోవాలి అని బాబా చెప్పినప్పటి నుంచి నాకు కుదురు లేదు. దోహా దగ్గర ఉమ్ సలాల్‌లో ఆయన విల్లాకు నేను డ్రైవర్‌ని. ఇంట్లో పనిచేసేవాళ్ళమంతా ఆయన్ని బాబా అనే పిలుస్తాం. కొన్నాళ్ళుగా ఎదురొచ్చే బండ్ల లైట్లు నా కళ్ళలో చెదిరిపోతున్నాయి. దుమ్మనుకున్నాను, నిద్ర చాలట్లేదనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. పరీక్షలో తప్పితే డ్యూటీ ఉండదు, ఇంటికి పంపించేస్తారు. ఆ మాట తలపుకొస్తే చాలు, తిన్నది ఒంటబట్టేది కాదు.

ఊరికే కూర్చుంటే అదే గుర్తొస్తుందని కారు మీద పడ్డాను. తెల్లటి పెద్ద కారు అది. బాబా పిల్లలిద్దరినీ బడికి తీసుకుపోయేది దాంట్లోనే. దాని టైర్లు నలుపు పోయి మట్టిరంగుకు తిరిగాయి. బాబా ఒకసారి చూసి మూతి విరిచాడు కూడా. దసరాకు మా ఊర్లో ట్రాక్టర్ టైర్లకు కొబ్బరినూనె రాసి నిగనిగలాడించేవాళ్ళం. ఆ తెలివే ఇక్కడా చూపించాను. ఇంట్లో వంటచేసే కోనసీమ అక్క నూనె సీసా అడక్కుండానే తెచ్చి నాలుగింటికీ దట్టంగా పట్టించాను. తోటల వైపు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి దారిలో ఇసుకంతా వాటికే అంటుకుంది. అరిసెలకు నువ్వులద్దినట్టు తయారయ్యాయి. అక్క సీసా చూసి తిట్టింది, టైర్లు చూసి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

గాలి కొట్టించడానికి పోయినప్పుడు టైర్ల షాపులో ఒక మలయాళీ అసలు సంగతి చెప్పాడు. రబ్బరు పగుళ్ళు పట్టకుండా దాంట్లోనే ఏదో మందు కలుపుతారట. అది మెల్లగా పైకి ఊరి, గాలి తగిలి ఆ రంగుకు మారుతుందట. పాత జిడ్డు పోకుండా పైన ఏం పూసినా దండగేనన్నాడు. సబ్బుమందు చల్లి, ఆరకముందే గట్టి బ్రష్‌తో తోమాలి. నురగ మట్టిరంగులో కారినంతసేపూ తోముతూనే ఉండాలి, తెల్లగా వస్తే ఆపాలి. బాగా ఆరాక పల్చటి పాలిష్ కొంచెం రాసి, మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి. జిడ్డుగా మెరిసే రకం కొనొద్దని, వారం వారం కడుగుతుంటే మళ్ళీ పేరుకోదని చెప్పాడు.

శుక్రవారం బాబా పిల్లలతో నమాజుకు ఇంకో కారులో పోయాడు. నేను గోడ నీడలో పని మొదలుపెట్టాను. మూడు టైర్లు నల్లగా తేలాయి. నాలుగోది తోముతుంటే సబ్బు చింది కుడికన్ను భగ్గుమంది. ఆ కన్ను గట్టిగా మూసుకుని తోముతూనే ఉన్నాను. ఎంత తోమినా మట్టిరంగే. నురగ కూడా తెల్లబడలేదు. చెయ్యి నొప్పిపుడుతోంది, ఆపబుద్ధి కాదు. ఈ ఒక్క టైరు నల్లబడితే పరీక్ష కూడా గట్టెక్కుతుందని ఎందుకో మనసులో పెట్టేసుకున్నాను.

అక్క చాయ్ తెచ్చింది.

"ఏంటి తమ్ముడూ, అరగదీసేస్తావా ఏంటి? ఇంకెంత నల్లగా అవ్వాలి?"

"నల్లగ యాడున్నదక్కా? మట్టి లెక్కనే ఉన్నది. గా నురుగు సూడు."

"నురగ పాలలా తెల్లగా ఉంటేనూ! నీకేమైంది?"

లేచి ముఖం కడుక్కున్నాను. కుడికన్ను తెరిచి చూస్తే టైరు నల్లగా ఉంది. కుడికన్ను మూశాను, మట్టిరంగు. అక్క తలమీది తెల్లగుడ్డ వైపు చూశాను. ఎడమకంటికి అది చాయ్‌లో ముంచి తీసినట్టుంది, మసకగా ఉంది. ఒక కన్ను మూసి, ఇంకోటి తెరిచి, మళ్ళీ మళ్ళీ చూశాను.

"నాకేంటి కన్ను కొడుతున్నావు? ఏంటా వేషాలు?" అని కసురుకోబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

చాయ్ చల్లారిపోయింది. ఆ టైరు పక్కనే కూలబడ్డాను. అక్క పక్కకొచ్చి గొంతు తగ్గించింది.

"ఒక కన్ను బానే ఉంది కదా. ఎవరికీ చెప్పకు. పరీక్ష నాటికి ఏదో ఒకటి చూసుకుందువుగానీ."

నాకూ అదే బాగుందనిపించింది. దాచిపెట్టి నెట్టుకురావాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కానీ ఇక్కడ ఎదురుబండ్లు వచ్చేది ఎడమవైపే. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం మళ్ళీ బడి. చిన్నపిల్ల ఎప్పుడూ ఆ వైపే ఉండే నా వెనక సీటే కావాలని పెద్దపిల్లతో పోట్లాడి మరీ అక్కడ కూర్చుంటుంది.

"పిల్లలుంటరక్కా బండ్ల," అన్నాను. అక్క చల్లారిన గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

బాబా రాగానే ఎదురెళ్ళి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. "బాబా, ఐన్ మాఫీ జేన్," అంటూ ఎడమకన్ను చూపించాను. నా కన్ను బాగాలేదని చెప్పడానికి నాకొచ్చిన అరబ్బీ అంతే. ఆయన నా కుడికన్ను అరచేత్తో మూసి, రెండో చేతి వేళ్ళు ముందు ఆడించాడు. ఎన్ని వేళ్ళో చెప్పలేకపోయాను. ఆయన ముఖంలో కోపం ఉందో జాలి ఉందో తెలియలేదు. పిల్లల్ని లోపలికి పంపి, "యల్లా, పద ఆసుపత్రికి," అని నేను కడిగిన కారు దగ్గరికి నడిచాడు.

నేను అలవాటు కొద్దీ ఎడమవైపుకు పోయాను. నా సీట్లో అప్పటికే ఆయన కూర్చున్నాడు. తిరిగి వెళ్ళి పక్కసీట్లో కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దోహా చేరేదాకా ప్రతి సిగ్నల్ దగ్గరా నా కుడికాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.