కుందేళ్ళ కొట్టంలో స్తంభం

రోకాఫెర్ కోటను శత్రువులు కూల్చారని మా ఊళ్ళో అందరూ గర్వంగా చెబుతారు. అబద్ధం. కూల్చింది ఊరే. పైకప్పు పడిపోయాక రెండు వందల ఏళ్ళపాటు, గోడ కావలసిన ప్రతివాడూ రాళ్ళకోసం గాడిదను తోలుకుని కొండెక్కాడు. గుండ్రటి బురుజొక్కటే మిగిలింది. అదీ భక్తితో వదిలింది కాదు, మూడు గజాల మందాన గునపం దిగక. దాని వాకిలి నేలకు రెండు నిలువుల ఎత్తున ఉంటుంది. లోపలివాళ్ళు నిచ్చెన పైకి లాక్కుంటే ఇక బయటివాడు అరుచుకోవలసిందే.

పక్కనున్న కొలువు హాలుకు ఆ రక్షణ లేదు. దాని కిటికీకి జంట కమానులు. రెండింటినీ మధ్యలో ఒకే ఒక సన్నటి రాతిస్తంభం మోసేది. అది పోయింది. ఆ చోట ఎవరో ఇటుకలు కుక్కారు.

ఎక్కడికి పోయిందో సదుర్ని అనే తాపీమేస్త్రీకి తెలుసు. వాళ్ళ తాత దాన్ని తెచ్చి కుందేళ్ళ కొట్టంలో దూలం కింద నిలబెట్టాడు. సదుర్ని రోజూ పొద్దున్నే దాని మీద చెయ్యి ఆనించి వంగి మేత వేసేవాడు.

కోట బాగుచేయించడానికి బార్సిలోనా నుంచి ఎలిసెండా అనే ఆర్కిటెక్టు వచ్చింది. సదుర్నిని మేస్త్రీగా పెట్టుకుంది. మొదటిరోజే అడిగింది.

"సదుర్ని గారూ, మీరు పని చెయ్యని ఇల్లు లేదంటున్నారు. ఈ స్తంభం ఎక్కడైనా కనబడిందా?"

"నేనైతే చూళ్ళేదమ్మా."

ముప్పై ఏళ్ళుగా గోడను వేలెడు వంకర పోనివ్వని మనిషి. నోరు మాత్రం ఒక్క క్షణంలో వంకరపోయింది.

ఎలిసెండా ఊరుకోలేదు, ఇల్లిల్లూ తిరిగింది. ముసలి టెక్లా వంటింటి గోడలో, రొట్టెల పొయ్యికి పైన, కోట ప్రభువుల కోడిపుంజు గుర్తు చెక్కిన రాయి దొరికింది. దాన్ని ఊడదీయవలసింది సదుర్నే. గుమ్మం దగ్గర జనం మూగారు.

"ప్రభువుల పొయ్యిలో కాల్చిన రొట్టెలన్నమాట! అందుకేనా పెద్దమ్మా నీకంత రాజసం!"

"జేబులు తడుముకోండర్రా, కోట దొంగ బయటికొస్తోంది!"

నవ్విన వాళ్ళలో సగంమంది గడపలు ఆ కోట రాళ్ళే. సదుర్ని సున్నం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆదివారం ఆదివారం అతని కొట్టానికే వెళ్ళి కుందేలు కొనే టెక్లా, అతనికి మాత్రమే వినబడేట్టు అడిగింది.

"కుందేళ్ళు బాగున్నాయట్రా, సదుర్నీ?"

అతను ఉలి మీద దెబ్బ వేశాడు. రాయి ఊడింది. గోడకు వీధి కనబడేంత కన్నం పడింది.

పాత స్తంభం ఇక దొరకదనుకుని ఎలిసెండా సదుర్నిని కొత్తది చెక్కమంది. "పాతదానిలా నటించకూడదు. నున్నగా ఉండాలి, కొత్తదని చూడగానే తెలియాలి." నెల పట్టింది. నిలబెట్టిన రోజు ఆమె దాన్ని నిమిరి చూసి, "మీ పనిలో అబద్ధం లేదండీ," అంది.

ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. ఆదివారం దూలం కింద ఊతంగా కర్ర నిలబెట్టి, స్తంభాన్ని తీసి, తోపుడుబండి మీద వేసుకుని, చర్చి నుంచి జనం వచ్చే వేళకే నడివీధిలో తోసుకుంటూ బయల్దేరాడు.

"మేస్త్రీ పట్టేశాడ్రోయ్! ఎవడింట్లో దొరికింది?"

"మా ఇంట్లో."

అందరూ పగలబడి నవ్వారు. హాస్యమనుకున్నారు. మూడోసారి చెప్పేదాకా ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఎవరూ నవ్వలేదు, టెక్లాను ఏడిపించినట్టు ఏడిపించనూ లేదు. మేస్త్రీ కదా. సదుర్నికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

కిటికీ అప్పటికే పూర్తయింది. అసలు స్తంభాన్ని హాల్లో నేలమీద పడుకోబెట్టారు.

మర్నాడు సున్నం, ఇసుక మోసుకుని టెక్లా ఇంటికి వెళ్ళాడు. "అత్తా, ఆ కన్నం పూడుస్తాను."

ఆమె పిండి పిసుకుతూనే ఉంది.

"ఉండనీరా. అందులోంచి మీ ఇల్లు బాగా కనబడుతోంది."