నా చెంపకు పడిన రూఫ్ బోల్టు

మొదటి షిఫ్టుకు పోయి, గని క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నాను. నోట్లో పోసుకున్న చాయ్ కుడి పెదవి మూలనుంచి కారి చొక్కా మీద పడింది. తుడుచుకుని మళ్ళీ తాగాను, మళ్ళీ కారింది. ఆ పక్క పెదవి నాది కానట్టే ఉంది.

ఎదురుగా కూర్చున్న ఓదెలు, నాతోపాటే గనిలో పైకప్పుకు సపోర్టులు పెట్టేవాడు, నా మొహం చూసి పగలబడి నవ్వాడు.

"కాకా, మూతి మస్తు తిప్పినవ్! అన్‌ఫిట్ కోసం ప్రాక్టీసా?"

మా బొగ్గు గనుల గోదావరిఖనిలో 'అన్‌ఫిట్' అనే మాట ఎవరికీ వివరించక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. జబ్బు చేసి ఇక గనిలో దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ నౌకరీ కొడుక్కి దొరుకుతుందన్న ఆశ ఉండేది. అందుకే ఎవరికి నడుం పట్టేసినా మావాళ్ళు ముందు కన్ను గీటుతారు. పైగా ఇక్కడ మూతి తిరిగింది నాకు. గోదావరిలో ఒక చేప నా గొడుగు మింగిందని, వాన పడితే దాన్ని విప్పుకుని ఈదుతోందని మంచిర్యాల దాకా చెప్పి వచ్చినవాణ్ణి. నన్నెవరు నమ్ముతారు?

"నిజంగనే కుడిపక్క పని చేస్తలేదురా," అన్నాను. మాట గాలి బుడగలా పేలింది. అందరూ చప్పట్లు కొట్టారు. భయమేస్తే కథ చెప్పడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు. గనిలో పాత గ్యాలరీ సొరంగంలో దయ్యం చెంప మీద కొట్టిందని చెప్పేసి, గనిలోకి దిగాను.

ఇంటికొచ్చి మొహం కడుక్కుంటుంటే సబ్బు నురగ కంట్లోకి పోయి మండింది.

"కన్ను మూసుకోని కడుక్కోరాదయ్యా," అంది నా భార్య సరోజన.

"మూసుకున్ననే!"

"యాడ మూసినవ్? తెల్లగుడ్డు కనబడ్తాంది." ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

పక్షవాతం అంటారేమోనన్న భయంతో దవాఖాన దిక్కు పోలేదు. ఓదెలు ఇంటికొచ్చి, ఈసారి నమ్మి, నా మేలు కోరే చెప్పాడు: "గోలీలు మింగకు కాకా. బోర్డు చూడకముందే నయమైతే ఎట్ల?" అట్లా వారం గడిచిపోయింది. చివరికి సరోజనే రెక్క పట్టుకుని తీసుకుపోయింది.

డాక్టరు కనుబొమలు పైకి లేపమన్నాడు. ఎడమది లేచింది, కుడిది లేవలేదు. "నుదురు కూడా కదలట్లేదు. బ్రెయిన్ స్ట్రోక్, అంటే పక్షవాతం అయితే నుదురు మామూలుగా కదులుతుంది, ఇది అలా లేదు. మొహాన్ని కదిలించే నరం, ఫేషియల్ నర్వ్, దెబ్బతింది. బెల్స్ పాల్సీ అంటారు. మొదటి రెండుమూడు రోజుల్లో వస్తే స్టెరాయిడ్ బాగా పనిచేసేది కదా," అన్నాడు. స్కాన్ తీశారు, నర్వ్ టెస్ట్ చేశారు. కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు రెప్పకు టేపు, ఫిజియోథెరపీ. చాలామందికి దానంతటదే తగ్గుతుందన్నారు. నాకు తగ్గలేదు.

ఏడాది దాటేసరికి కుడి చెంప జారి, కింది రెప్పను కూడా గుంజింది. కన్ను ఎప్పుడూ ఎర్రగా నోరు తెరుచుకున్నట్టుండేది. నన్ను గని పైన డ్యూటీకి మార్చారు. కానీ మా ఊళ్ళో బొగ్గు దుమ్ము పైన మాత్రం ఉండదా? ఒకరోజు ఎడమ కన్ను మూసి చూస్తే, ఎదురుగా ఉన్న సరోజన పొగలో నిలబడినట్టు కనిపించింది.

"కార్నియా మీద, అంటే నల్లగుడ్డు మీది పొర మీద, పుండు పడింది. కన్ను ఇట్లాగే తెరిచి ఉంటే చూపు పోతుంది," అన్నాడు కంటి డాక్టరు. హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపాడు.

ఆ డాక్టరమ్మ నన్ను చూసి, "మీకు ఒకరకం ఫేస్‌లిఫ్ట్ చెయ్యాలి," అంది.

"నాకు హీరో వేషాలు వద్దు మేడమ్, కన్నుంటే చాలు," అన్నాను. ఆమె నవ్వలేదు. కాగితం తీసి బొమ్మ గీసింది.

"ఫేస్‌లిఫ్ట్ అంటే ఒక్కటే ఆపరేషన్ కాదు. మినీ లిఫ్ట్‌లో చెవి దగ్గర చిన్న కోత పెట్టి కొద్దిగా బిగిస్తాం. చర్మం కింద ఎస్‌మాస్ అని ఒక పొర ఉంటుంది, దాన్ని బిగిస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. డీప్ ప్లేన్ అంటే ఆ పొర కిందికి దిగి లేపడం, అక్కడ నర్వ్ కొమ్మలు దగ్గరగా ఉంటాయి. బ్రో లిఫ్ట్ కనుబొమకు, నెక్ లిఫ్ట్ మెడకు. ఇవన్నీ ఎక్కువగా వయసుతో జారిన మొహాలకు. మీది నర్వ్ పోయి జారిన చెంప. తొడలోంచి గట్టి పొర ఒక పట్టీలా తీసి, చెంపను పైకి లేపి కణత దగ్గరి ఎముకకు కడతాం. స్టాటిక్ స్లింగ్ అంటారు. పై రెప్పలో చిన్న బంగారు బరువు పెడతాం, మూతపడటానికి."

"దారాలేసి గుంజుతరట కదా, కోత లేకుండ?" సరోజన అడిగింది.

"థ్రెడ్ లిఫ్ట్. ఈయన చెంప బరువుకు అది ఆగదమ్మా."

నాకు అప్పుడు అర్థమైంది. గనిలో కప్పు పైపెచ్చు వదులైతే, ఆ పెచ్చుకే మేకు కొడితే అంతా కలిసి మీద పడుతుంది. మేం కప్పుకు కొట్టే రూఫ్ బోల్టు దాని పైనున్న గట్టి రాతి దాకా పోవాలి. ఆ మాటే అంటే, "సరిగ్గా అంతే. కానీ నవ్వు రాదు, కదలిక రాదు. వేలాడేది నిలబడుతుంది, కన్ను దక్కుతుంది," అంది.

ఆపరేషన్ రోజు వచ్చింది. మత్తులో ఉండగా పొరపాటున మంచి పక్క కోస్తే? సరోజన కాటుకతో ఎడమ చెంప మీద 'ముట్టవద్దు' అని రాసుకున్నాను. నర్సు తుడిచేసి, కుడి చెంప మీద తన పెన్నుతో గుర్తు పెట్టింది.

మెలకువ వచ్చింది, అంతా అయిపోయిందనుకున్నాను. మరుసటి పొద్దున చెంప రాయిలా ఉబ్బి నల్లబడింది. కన్ను ఆ వాపులో పూడిపోయింది. "హెమటోమా. లోపల రక్తం చేరింది. మళ్ళీ థియేటర్‌కు తీసుకుపోవాలి," అన్నారు. స్ట్రెచర్ కదులుతుంటే సరోజన పక్కన నడుస్తూ, "ఏదన్న చెప్పయ్యా, ఊకె ఉండకు," అంది. చెప్పడానికి ఒక్క కథా తోచలేదు. నా జన్మలో అదే మొదటిసారి.

రక్తం తీసేశారు. వాపు తగ్గడానికి వారాలు పట్టింది, కార్నియా మానడానికి ఇంకా ఎక్కువ. ఒక మూల కొంచెం మసక మిగిలింది. చూపు మాత్రం పోలేదు.

ఇప్పటికీ నేను సగం మొహంతోనే నవ్వుతాను. చుక్కల మందు జేబులో ఉంటుంది, దుమ్ములోకి పోతే అద్దాలు పెట్టుకుంటాను. ఎవరికైనా డాక్టరు ఫేస్‌లిఫ్ట్ చెయ్యాలని చెబితే నేనిచ్చే సలహా ఒక్కటే: ఏ పొరను లేపుతారు, దేనికి కడతారు, నర్వ్ ఏ దారిన పోతుంది, ఇవి డాక్టరు చేత బొమ్మ గీయించుకోండి. ఆ బొమ్మ మీ ఇంటావిడకు మీరు తిరిగి చెప్పగలిగేదాకా సంతకం పెట్టకండి.

ఆపరేషన్ తర్వాత టేపు లేకుండా నిద్రపోయిన మొదటి మధ్యాహ్నం నాకు గుర్తులేదు, సరోజన చెప్పింది. రెండు కళ్ళూ మూతపడి ఉంటే భయపడి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. ఊపిరి తగిలాక అక్కడే కూర్చుని ఏడ్చిందట.