నేను పీకేసిన బిళ్ళ

ఆ చలికాలపు పొద్దున వనపర్తి బజారులో, ఏ తప్పూ లేని మనిషిని నలుగురిలో దొంగను చేశాను. అవి యుద్ధం రోజులు; పెట్రోలుకు కరువు, కల్తీ మీద అందరికీ అనుమానం. నేను నడిపే కిరాయి కారు కోడేరు నుంచి దారిపొడవునా దగ్గుతూ, ఆగుతూ వచ్చింది. నాకు పెట్రోలు అమ్మిన ఖాసిం సాబు మీదికి కోపంతో పోయాను.

"కిరసనాయిలు కలిపి అమ్ముతున్నవా సాబూ? సిగ్గు లేదా?"

"నమాజు చేసే చేతులివి! నా దుకాన్ల నిలబడి నన్నే దొంగంటవా?"

రుజువు చూపిస్తానని బానెట్ ఎత్తి ఇంజనును తాకాను. అంత దూరం నడిచినా కుండలా చల్లగా ఉంది. ఎండాకాలంలో నీళ్ళు మరుగుతున్నాయని, ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను ఆపే బిళ్ళను నేనే పీకి పారేశాను. ఇప్పుడు ఈ చలికి అది వేడెక్కడమే లేదు; అందుకే ఆ దగ్గు.

చలిగాలి ఆపడానికి రేడియేటరుకు గోనెసంచి కట్టి, తప్పు ఒప్పుకోకుండానే వెళ్ళిపోయాను.

తర్వాతి అంగడినాడు అదే దుకాణం ముందు, జనమంతా వినేలా అరిచి చెప్పాను: "సాబు పెట్రోలు మంచిదే. చెడగొట్టింది నా చెయ్యి."